ముల్లు పైకెక్కుతోంది

“ఈ కారు ఈరోజు దారిలో తగలబడిపోద్ది, చూస్తూండు,” అన్నది రెబెకమ్మ, కొడుకు ఇంకా తాళం కూడా తిప్పకముందే.

“ఎక్కినావో లేదో మొదలుపెట్టినావామా?” అన్నాడు సాగర్. “నిన్న సాయంత్రం కలిగిరి పోయొచ్చినా. ఏ రోగమూ లేదు దీనికి.”

“నిన్నటి సంగతి నిన్నటిది. ఇరవై ఆరేళ్ల బండిరా. నాకెందుకో గుండె దడదడమంటుండాది.”

రెబెకమ్మకు గుండె దడ లేని రోజంటూ లేదు. కుక్కరు రెండో కూత ఆలస్యమైతే పేలుతుందని వంటింట్లోంచి అందరినీ బయటికి తరిమే మనిషి. అందుకే సాగర్ పట్టించుకోలేదు. పక్క సీట్లో బొమ్మలా కూర్చున్న తండ్రి వైపు ఒకసారి చూసి, బండి కదిలించాడు.

తండ్రి శీనయ్య ఉదయగిరిలో ముప్పై ఏళ్లు షెడ్డు నడిపిన మెకానిక్. బానెట్ ఎత్తకుండా, చెవితో విని రోగం చెప్పేవాడు. పని మొదలుపెట్టే ముందు బండి తెచ్చినవాణ్ణి ఒక విడత తిట్టిపోయడం ఆయన పద్ధతి. బండి లోపాలు చూపించే స్కానరు కొత్తగా కొన్న సాగర్ ఒకరోజు షెడ్డులో నలుగురి ముందు, “చెవులతో చెప్పే కాలం పోయింది నాయనా, నువ్వింక నోరు మూసుకో” అనేశాడు. శీనయ్య స్పానరు కింద పెట్టి, చేతులు కడుక్కుని ఇంటికి పోయాడు.

అది జరిగి నలభై ఒక్క రోజులు. ఆయన నోట మళ్లీ ఒక్క మాట రాలేదు. సాగర్ కాళ్లు పట్టుకున్నా రాలేదు. చర్చిలో సంఘమంతా ఉపవాస ప్రార్థన చేసినా రాలేదు. గొంతులో లోపమేమీ లేదని, మనిషే లోపలికి ముడుచుకుపోతున్నాడని డాక్టర్లు చెప్పారు. ఇట్లాగే వదిలేస్తే ఇంక ఎప్పటికీ మాట్లాడడేమోనన్న భయంతో ఇప్పుడు ఆత్మకూరులో మనసు డాక్టరు దగ్గరికి తీసుకుపోతున్నారు.

ఊరు దాటి కొంత దూరం పోయాక గొర్రెల మంద రోడ్డంతా నిండి ఎదురొచ్చింది. కారు ఆగింది.

“రేయ్, ముల్లు చూడరా! పైకెక్కుతుండాది!” వెనక సీట్లోంచి రెబెకమ్మ కొడుకు భుజం పట్టి ఊపేసింది.

నిజమే. వేడి చూపే ముల్లు సగం దాటింది. మంద పోయి, కారు వేగం అందుకోగానే మెల్లగా దిగింది.

“దిగింది గదా. ఇంక అరవబాకమా!”

“అయిపోయింది. ఇంజను పోయింది. మనమూ పోయినాము.”

ఇంకొంత దూరంలో రోడ్డు పని. ఒకవైపు బండ్లను ఆపేశారు. అయిదు నిమిషాలు నిలబడేసరికి ముల్లు ఎర్రగీత దగ్గరికి చేరింది. సాగర్‌కు చెమటలు పట్టాయి. కారు పక్కకు దింపి, ఇంజను ఆపి, బానెట్ ఎత్తాడు. వేడి ఆవిరి ముఖానికి కొట్టింది.

“స్కానరు పెట్టరా!” అన్నది రెబెకమ్మ.

“ఈ బండికి స్కానరు గుచ్చే చోటే లేదుమా!”

“మరి ఆ రేడియేటరు మూత తీసి చూడు.” అతను చేయి పెట్టబోగానే మళ్లీ తనే పట్టుకుని లాగింది. “ఇప్పుడు కాదురా, కాల్తది! చల్లారనీ.”

అరగంట గడిచింది. సాగర్ బెల్టు నొక్కి చూశాడు. గొట్టాలు తడిమాడు. వింజమూరులో మెకానిక్ స్నేహితుడికి ఫోన్ చేశాడు. “ఇంజనుకు నీళ్లు వదిలే వాల్వు ఇరుక్కుని ఉంటాదంట. పీకి పారేయమన్నాడు.”

“పారేద్దువులే. ముందు నీళ్లు పొయ్యి. అదిగో, ఆ చేలో బోరు ఆడుతుండాది.”

“బోరు నీళ్లా?”

“నీళ్లు నీళ్లే గదరా! దానికేమన్నా రుచి తెలుసా?”

సాగర్ బకెట్ నింపుకొచ్చాడు. ఒక చేత్తో బకెట్ ఎత్తి, రెండో చేయి మూత మీద వేశాడు.

ముందు తలుపు దభాలున తెరుచుకుంది.

“పోయబాకరా!”

బకెట్ జారి సాగర్ కాళ్ల మీద పడింది. రెబెకమ్మ నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

“ఆ ఉప్పు నీళ్లు పోస్తే రేడియేటరంతా సున్నం కట్టదా? మీ అమ్మకైతే తెలవదు, నీ బుద్ధి యాడికి పోయింది?” శీనయ్య గొంతు బొంగురుగా, ఎక్కడెక్కడో తగులుకుంటూ వచ్చింది. ఆయనే మూత తిప్పాడు. “చూడు, నీళ్లు నిండుగా ఉండాయి. వాల్వు పీకుతాడంట, వాల్వు! మందలో నిలబడితే ముల్లెక్కింది. పరిగెత్తితే దిగింది. అంటే ఏందిరా?”

“ఏంది నాయనా?” సాగర్ ఏడుస్తూ అడిగాడు.

“నిలబడితే గాలి లేదని! ఫ్యాను చూసినావా, దొంగ సచ్చినోడా?”

శీనయ్య రేడియేటర్ వెనక్కు చేయి పోనిచ్చి తడిమాడు. ఊడి వేలాడుతున్న ఫ్యాను ప్లగ్గు దొరికింది. బిగించి, మూత పెట్టి, స్టార్ట్ చేయించాడు. ముల్లు సగం దాటేసరికి ఫ్యాను గిర్రున అందుకుంది.

“స్తోత్రం ప్రభువా!” అంటూ రెబెకమ్మ రోడ్డు మీదే చేతులెత్తింది. సాగర్ తండ్రిని వాటేసుకున్నాడు.

“నాయనా, ఇంకో నాలుగు తిట్టు!”

“నాలుగేంది, ఉదయగిరి దాకా తిడతా. ఆత్మకూరు లేదు గీత్మకూరు లేదు, తిప్పు బండి!”

ముగ్గురూ నవ్వారు. నవ్వుతూనే శీనయ్య మళ్లీ బానెట్ మీదికి వంగాడు. నవ్వు ఆగింది.

“ఉండు. ఈ ప్లగ్గుకు కొక్కెం ఉండాది. నొక్కి లాగితేనే వస్తది, గతుకులకు ఊడేది కాదు. ఎవురు పీకినార్రా దీన్ని?”

“నేను పొద్దున బానెట్టే ఎత్తలేదు నాయనా.”

ఇద్దరూ వెనక్కు తిరిగారు. రెబెకమ్మ కొంగు సర్దుకుంది. బోరు వైపు చూసింది. రోడ్డు వైపు చూసింది. రెండు లారీలు పోయాయి. వేడి తగ్గి ఫ్యాను దానంతటదే ఆగింది. అయినా ఇద్దరూ ఆమె ముఖం మీది నుంచి చూపు తిప్పలేదు.

“నేనే పీకినానయ్యా, నీ తిట్లు వినాలని,” అన్నది రెబెకమ్మ.