ఈరమ్మత్త కుండ

పొద్దున్నే కుండకు బెల్లం నీళ్లు పట్టాలి, వేపపిండి తడపాలి, టమోటా మొక్క ఒకటి పీకి వేళ్లు చూడాలి.

ఆ రోజు పీకిన మొక్కకు వేళ్లనిండా ముడులు. పురుగు దిగింది. దాన్ని చంపేది కుండలో పెంచే సూక్ష్మజీవులే. ఊళ్లో ఇంటికో కుండ ఉంటుంది; అవి బతికున్నంతసేపూ మూతకున్న యంత్రం సన్నగా పాడుతుంది, ఒక్కో కుండది ఒక్కో రాగం. మా కుండ పలకలేదు.

"కంపు కొడతాందని నిన్న కుళాయి నీళ్లు పోసినానే," అంది అమ్మ.

"బ్లీచింగు నీళ్లమ్మా అవి! అన్నీ చచ్చింటాయి."

ఎదురింటి ఈరమ్మత్త పకపకా నవ్వింది. "కుండక్కూడా తలంటు పోసినావా వదినా! గిన్నె పట్టుకురా పాపా."

తన కుండలోది సగం నా గిన్నెలోకి వంచింది.

"నీ చేన్లోనూ పురుగుంది కదత్తా?"

"పెరుగుకు తోడడిగితే లేదంటామా?"

పశువుల ఎరువులో కలిపి మొదళ్లకు వేశాం. మా తోట నిండుగా కాసింది. అత్తకు సగం పంటే దక్కింది.

నిరుడు అత్త చనిపోయింది. మా కుండ మాత్రం ఆమె కుండ రాగమే పాడుతోంది. ఎందుకో నాకింకా అంతుబట్టలేదు. మా దగ్గర తోడు తీసుకెళ్లిన ఇళ్లలోనూ అదే రాగమట. మీ కుండా అలా పాడితే, ఒక్కసారి ఈరమ్మత్తను తలుచుకోండి.