ఎదురింటి పసుపు

"అమ్మిండా?"

"అమ్మలే," అంది భార్య నాగవ్వ వాకిలి ఊడుస్తూనే.

భూమయ్య టీ గ్లాసుతో గడపలో నిలబడి ఎదురింటి వైపు చూశాడు. గంగాదాస్ రేకుల షెడ్డులో బస్తాలు, వాటి మీద నీలం టార్పాలిన్ పరదా, పరదా అంచుల మీద రాళ్లు. అన్నీ నిన్న ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. భూమయ్య ప్రాణం కుదుటపడింది. టీ పూర్తయ్యేలోగా మళ్లీ కడుపుమంట మొదలైంది.

"వానికేదో తెలుసే. ఉత్తగనే ఆగడు."

"ఏం తెలుసు?"

"ధర పెరుగుతదని ఎవడో చెవిల ఊదిండు. నాకు జెప్తడా? చెప్పడు."

ఆర్మూర్ దాటాక హైవే పక్కన, పొలాల మధ్య ఉన్నవి ఆ రెండే ఇళ్లు. ఒకరింట్లో పోపు వేస్తే ఇంకొకరు తుమ్ముతారు. ఇక గంగాదాస్ బాగుపడితే భూమయ్యకు కనపడకుండా ఎలా ఉంటుంది?

నిరుడు భూమయ్య పసుపును క్వింటాలు పన్నెండు వేలకు అమ్మాడు. మంచి ధరే. పది రోజులు సంతోషంగా తిరిగాడు కూడా. పదకొండో రోజున గంగాదాస్ పదిహేనుకు అమ్మాడు. అమ్మినవాడు ఊరుకున్నాడా? కొత్త బండి కొని, దానికి కొబ్బరికాయ కొట్టి, ముక్క తెచ్చి భూమయ్య చేతిలోనే పెట్టాడు. "జర ఆగితే నీకూ వస్తుండె భూమన్నా," అన్నాడు. ఆ కొబ్బరిముక్క భూమయ్యకు ఇప్పటికీ అరగలేదు. తన చేతికి ఎన్నడూ రాని ఆ మూడు వేల తేడాను ఎవరో జేబులోంచి కొట్టేసినట్టే బాధపడుతున్నాడు.

అందుకే ఈసారి ఒట్టు పెట్టుకున్నాడు. గంగాదాస్ బస్తా కదిలేదాకా తన బస్తా కదలదు.

మార్చిలో చెల్లెలి బిడ్డ పెళ్లికి జక్రాన్‌పల్లిలో నాలుగు రోజులు ఉండాల్సి వచ్చింది. పాలిచ్చే బర్రె ఉందని నాగవ్వ ఇంటి దగ్గరే ఆగిపోయింది. పెళ్లిలో భూమయ్యకు అన్నం సయిస్తే ఒట్టు. పూటకోసారి ఫోన్ చేసి "అమ్మిండా?" అని అడిగాడు. పూటకోసారి "అమ్మలే" అంది నాగవ్వ. తిరిగి వచ్చేసరికి రెండిళ్లలోనూ బస్తాల మీద కొత్త నీలం పరదాలు.

"గంగాదాస్ పెండ్లాం ఉమారాణి కప్పింది. నేనూ కప్పిన," అంది నాగవ్వ. "పురుగు పట్టకుండ గోలీలు పెట్టిన. విప్పకు. గా వాసన పీలిస్తే దవాఖానల పడ్తవ్."

పెళ్లయిన ఇన్నేళ్లకు భార్య తనలా ఆలోచించిందని భూమయ్య ముచ్చటపడ్డాడు. వాళ్లకు కొత్త పరదా, మనకూ కొత్త పరదా. ఇంకేం కావాలి?

మార్చిలో పద్నాలుగున్న ధర మే వచ్చేసరికి పదకొండుకు దిగింది. భూమయ్య రోజూ ఫోన్లో ధర చూసేవాడు, తిట్టుకునేవాడు, తలెత్తి ఎదురింటి పరదా చూసి ఆగిపోయేవాడు.

శనివారం సాయంత్రం తనే మాట ఎత్తాడు.

"కావేరి పరీక్షలు సోమవారమే గదా?"

కావేరి వాళ్ల ఒక్కగానొక్క కూతురు. నిజామాబాద్ హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. ఫీజు కట్టనిదే హాల్ టికెట్ ఇవ్వరు.

"అవు," అంది నాగవ్వ.

"మరి ఫీజు?"

"పసుపు అమ్మితే కట్టుడే గదా."

"నాలుగు రోజులు ఆగమని సార్లను బతిమిలాడరాదు?"

"పరీక్షను గూడ ఆగమంటవా?"

భూమయ్యకు సిగ్గేసింది. బిడ్డ ఏడాది చదువు తన మొండితనం వల్ల పోతుందేమోనని భయమేసింది. అమ్మేద్దామనే లేచాడు. సరిగ్గా అప్పుడే గంగాదాస్ తన పరదా మీద ఇంకో రాయి పెడుతూ కనిపించాడు.

"చూసినవా? ఇంకా ఆగుతడట!" భూమయ్య మళ్లీ కూలబడ్డాడు. "రేపొక్కరోజు చూద్దాం."

ఆదివారం పొద్దున ఉమారాణి తట్టతో షెడ్డులోకి వచ్చింది. పరదా అంచు ఎత్తింది. ఒక బస్తా మూతి విప్పి తట్టలోకి గుమ్మరించింది. పడ్డవి పసుపుకొమ్ములు కావు, మొక్కజొన్న గింజలు ఒలిచేసిన మక్క బెండ్లు. వాటిని తీసుకుపోయి నీళ్ల పొయ్యిలో పెట్టింది.

భూమయ్య ఒక్క అంగలో రెండిళ్ల నడుమ బాట దాటాడు.

"గంగాదాస్! పసుపేది రా?"

"మార్చిలనే అమ్మిన అన్నా. లారీ ఇంటికే వచ్చింది. పద్నాలుగుకు."

"పద్నాలుగా! మరి గీ పరదా ఎందుకు? గా రాళ్లెందుకు? నా కండ్లు పడ్తయనా?"

"నన్నడుగకు అన్నా," అంటూ గంగాదాస్ వెనకాలే వచ్చిన నాగవ్వ వైపు ఓ చూపు చూసి లోపలికి జారుకున్నాడు.

భూమయ్య ఇంటికి వచ్చి గడప మీద కూలబడ్డాడు.

"రెండు నెలల సంది మక్క బెండ్లను చూసి కుళ్లుకున్ననే! వాడు అమ్మిండని తెలిస్తే అప్పుడే నేనూ అమ్ముదును."

"నువ్వా?" నాగవ్వ నవ్వింది. "వాడు పద్నాలుగుకు అమ్మిండంటే నువ్వు పదిహేనుకు కూసుందువు. అమ్మలేదంటే వాడు అమ్మేదాక కూసుందువు. ఎట్లయినా కూసునుడే గదా నీ పని!"

"తిట్టు, ఎంతన్న తిట్టు. ముందుగాల ట్రాలీ ఆటోకు ఫోన్ చెయ్యి. ఎంతకడిగితే గంతకే ఇచ్చేస్త. రేపు పోరి పరీక్షనే!"

నాగవ్వ ఫోన్ తీసి అతని కళ్ల ముందు పెట్టింది. తెర మీద హాల్ టికెట్, దాని మీద కావేరి ఫోటో.

"ఫీజు కట్టకుండ గిదెట్ల ఇచ్చిండ్రే?"

నాగవ్వ ఫోన్ కొంగున చుట్టి బొడ్లో దోపుకుంది.

"మన పసుపు గూడ గదే లారీల పోయింది."