స్వయంగా

పూసిన రంగు చెమటకు కరిగితే? కరగదని పర్విస్ ఒట్టు వేస్తాడు. పర్విస్ ఒట్లకేం, పొద్దున్న లేస్తే పది వేస్తాడు. గుర్రం కళ్ళ చుట్టూ తెల్ల వెంట్రుకలు. వాటి మీద ఎర్రగోధుమ రంగు. ఆ రంగు మీద ఓక్లహోమా ఆగస్టు ఎండ. అన్నిటికీ మించి, ఆవిడ.

అతను సినిమా హాలు వెనక సందులో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తున్నాడు. బూటు మడమల ముళ్ళచక్రాలు గలగలమంటున్నాయి. లోపల ఆఖరి పోరాటం, తుపాకుల మోత. అది ఆగగానే గుర్రమెక్కి స్టేజీ మీదికి వెళ్ళాలి. రెండు పాటలు పాడాలి. తర్వాత పిల్లలు వరసగా వచ్చి గుర్రం మూతి నిమురుతారు, ఫోటోల మీద సంతకాలు పెట్టించుకుంటారు.

గోడ మీద పోస్టరు: ‘వేడ్ టాలెట్, అతని గుర్రం ఎంబర్. స్వయంగా!’

ఆ చివరి మాట ఎదురైనప్పుడల్లా అతను తల తిప్పుకుంటున్నాడు.

“కూర్చోరా అబ్బాయ్,” అన్నాడు పర్విస్. గుర్రాలు చూసుకునే మనిషి, డెబ్బైకి దగ్గరపడ్డవాడు. “నువ్వలా తిరుగుతుంటే గుర్రానికి కళ్ళు తిరుగుతాయి.”

“ఆవిడ వచ్చిందా బాబాయ్?”

“మూడో వరసలో కూర్చుంది. నల్ల గౌను, గడ్డి టోపీ. పాప్‌కార్న్ కూడా కొనుక్కోలేదు. సినిమా కోసం వచ్చిన మనిషిలా లేదు.”

ఆవిడ పేరు హల్డా బ్రాండ్. నాలుగు రోజుల కిందట హాలు మేనేజరుకు ఉత్తరం రాసింది. ‘ఎంబర్ నా కొట్టంలో, నా చేతుల మీద పుట్టింది. మా ఇంటికొచ్చిన టాలెట్ గారికి అమ్మింది నేనే. ఒక్కసారి దగ్గర్నుంచి చూడాలి.’ మేనేజరు ఎగిరి గంతేసి ఆ ఉత్తరాన్ని ఊరి పేపర్లో అచ్చు వేయించాడు. ఇక తప్పించుకునే దారి లేదు.

సినిమావాళ్ళందరికీ తెలిసిన గుట్టే. తెర మీద ఒకే ఎంబర్, కొట్టంలో నాలుగు. ఒకటి దూకుతుంది, ఒకటి పరిగెడుతుంది, ఒకటి మంటల్లోంచి పోతుంది. డూపులన్నిటికీ నుదుట ఒకే తెల్లమచ్చ, ఒకే డబ్బాలోంచి. పిల్లలు కనిపెట్టరు. కానీ పుట్టిన క్షణాన ఒళ్ళు తుడిచిన మనిషి?

బయటపడితే టూరు ఇక్కడితో సరి. స్టూడియో ఇద్దర్నీ మెడపట్టి గెంటుతుంది. అది పోనీ. లోపల మూడు వందల మంది పిల్లలున్నారు. పత్తిచేల నుంచి లారీల వెనక నిలబడి వచ్చారు. ఆ ముఖాలన్నీ ఒక్కసారిగా ముడుచుకుపోవడం అతను కలలో చాలాసార్లు చూశాడు.

“నలభై ఊళ్ళు తిరిగాం. ఒక్కడు కనిపెట్టాడా?” పర్విస్ బ్రష్షు ముంచి గుర్రం కంటి కింద మరోసారి పూశాడు. “ఏదీ, నువ్విటు తిరుగు.” అదే బ్రష్షుతో అతని మీసం చివర దిద్దాడు. “ఆహా! ఇద్దరూ పెళ్ళికొడుకుల్లా ఉన్నారు.”

“ఒక్క చూపు చాలు బాబాయ్, ఆవిడకి.”

“చూడనీ. నువ్వు టోపీ మాత్రం తియ్యకు. మిగతాది గుర్రం చూసుకుంటుంది.”

తుపాకులు ఆగాయి. మేనేజరు మైకు పట్టుకుని వేడ్ టాలెట్ కథ ఎత్తుకున్నాడు. పత్తి రైతు కొడుకు. పాత సామాన్ల కొట్లో కొన్న గిటారు. పదిహేనేళ్ళకే టల్సా రేడియోలో పాట. ఆ తర్వాత ముప్ఫై ఎనిమిది సినిమాలు. “ఒక్క సినిమాలో కూడా హీరోయిన్‌ని ముద్దు పెట్టుకోలేదు. ఎప్పుడూ గుర్రాన్నే!” పిల్లలు ఘొల్లున నవ్వారు.

ఆ కథ అతనికి కంఠతా వచ్చు. ఎన్నిసార్లు విన్నా ఎవరో పరాయివాడి బతుకులాగే ఉంటుంది.

గుర్రమెక్కాడు. వెలుగులోకి వెళ్ళాడు. రెండు పాటలూ పాడాడు. చప్పట్లు హోరెత్తాయి. అవి తనను ఒరుసుకుంటూ పోయి వెనకాల ఇంకెవరికో తగులుతున్నట్టు అనిపించింది. ఎప్పుడూ అంతే.

వరస కదిలింది. జిడ్డు చేతులు, బెరుకు నవ్వులు, ఫోటోలు. అందరికంటే చివర, గడ్డి టోపీ.

హల్డా అతని వంక చూడలేదు. నేరుగా గుర్రం దగ్గరికి వెళ్ళింది. ముక్కుపుటాల్లోకి మెల్లగా ఊపిరి ఊదింది, గుర్రాలవాళ్ళు గుర్రాన్ని పలకరించే పద్ధతిలో. గుర్రం చెవులు నిక్కాయి. ఒక క్షణం ఆగింది. తర్వాత బరువైన దవడను ఆమె భుజం మీద ఆనించి కళ్ళు మూసుకుంది.

“ముసలాడివైపోయావురా నాన్నా!” అంది ఆమె. హాలు వైపు తిరిగి చెయ్యెత్తింది. “ఇది మా ఎంబరే!”

హాలు దద్దరిల్లింది. తెర చాటు నుంచి పర్విస్ కన్ను గీటాడు.

సగం గండం గడిచింది.

అప్పుడామె అతని ముందుకొచ్చి నిలబడింది. టోపీ అంచు కిందికి చూసింది. చాలాసేపు చూసింది. నిండిన హాలు, చప్పట్లు కొడుతున్న పిల్లలు. ఆమె ఒకసారి వాళ్ళ వైపు చూసి, మళ్ళీ ఇతని వైపు తిరిగి, సంచీలోంచి ఫోటో తీసి అందించింది.

“ఎవరి పేరు మీద రాయమంటారమ్మా?” అలవాటు మాట, దానంతటదే వచ్చింది.

“నా పేరెందుకులే బాబూ,” అంది, అతనికి మాత్రమే వినబడేలా. “నీ పేరు రాయి, చాలు.”

నాలుగేళ్ళుగా, కొన్ని వేల ఫోటోల మీద, ఆ చెయ్యి ఆలోచించకుండా పరిగెత్తేది. ఇవాళ కదల్లేదు. పక్కన గుర్రం కళ్ళు మూసుకునే ఉంది. దాని కంటి కింద రంగు కరిగి, ముసలితనపు తెల్ల వెంట్రుకలు బయటపడుతున్నాయి. అది పట్టించుకున్నట్టే లేదు.

అతను టోపీ తీసి జీను మీద పెట్టి, వేడ్ టాలెట్ నవ్వుతున్న ఆ ఫోటో అడుగున కుదురైన అక్షరాలతో రాశాడు: ‘లోనీ స్ప్రాగ్, డూపు.’