రెండు రౌండ్లు

"గేటు తీస్తావా, ఉద్యోగం పీకేయమంటావా?"

కారు దిగీ దిగకముందే సుందరరావు కేకేశాడు. తార్నాకలోని ఆ బడికి ఆయన కరస్పాండెంటు. లోపల ఆటస్థలంలో, షామియానా కింద, ప్రిన్సిపాల్ హన్నా మేడమ్ సంస్మరణ సభ మొదలై పదకొండు నిమిషాలైంది.

"రెండో బెల్లు అయిపోయింది సార్," అన్నాడు చువ్వల అవతలి నుంచి వాచ్‌మన్ మొగిలి. "లేటొస్తే గ్రౌండు సుట్టూ రెండు రౌండ్లు ఉరకాలె. గట్ల ఉరికెటోళ్లకే చిన్న గేటు తీస్త. మేడమ్ పెట్టిన రూలు గదా."

"ఆ మేడమే పోయిందయ్యా!"

"మేడమ్ పోయింది సార్. రూలు గీడనే ఉన్నది."

సుందరరావుకి ఒళ్ళు మండింది. అసలీ ఆలస్యం ఎవరికోసం? ముఖ్య అతిథి కోసం! యూనివర్సిటీలో వ్యాయామ విద్య చెప్పి రిటైరైన ప్రొఫెసర్ శ్రీలలితని మర్యాదగా తీసుకొద్దామని కారేసుకుని క్యాంపస్‌కి వెళ్ళాడు. డెబ్బై ఏళ్ళ ఆవిడేమో క్యాంపస్ చెట్ల నీడన నడుచుకుంటూ ఎప్పుడో వచ్చి స్టేజీ మీద కూర్చుంది. ఈయన తార్నాక సిగ్నల్ దగ్గర హారన్ కొట్టుకుంటూ ఉండిపోయాడు.

ఇవాళ ఆయనకు ఏడవడం కన్నా ముఖ్యమైన పనుంది. ఆ ఆటస్థలంలో నాలుగంతస్తుల బిల్డింగు లేపాలని ఆరేళ్ళుగా కాచుకుని ఉన్నాడు. హన్నా మేడమ్ బతికున్నన్నాళ్ళూ ఒక్క ఇటుక పడనివ్వలేదు. యూనివర్సిటీ రోజుల్లో హర్డిల్స్‌లో పతకాలు కొట్టిన మనిషి. గ్రౌండు లేకపోతే అది బడి కాదు, కోళ్ళఫారం అనేది మొహం మీదే. సరే, పోయిందిగా, ఇంకెవరు అడ్డం? 'హన్నా స్మారక భవనం' అని ఆవిడ పేరే తగిలిస్తే కాదనే నాలుక ఎవరికుంటుంది? సరిగ్గా ఐదింటికి తీర్మానం. ఆయన లోపలుంటేనే తీర్మానం.

"నేను కరస్పాండెంట్ని! నాకు నేనే మినహాయింపు ఇచ్చుకుంటున్నా. తియ్యి!"

మొగిలి కంగారు పడలేదు. గేటు పక్కన అట్టకి అంటించిన కాగితం చూపించాడు.

"మీ సర్క్యులరే సార్. జూలైల పంపిన్రు. 'ఎంతటివారికైనా, ఏ కారణం చెప్పినా మినహాయింపు లేదు.' కింద మీ దస్కత్ ఉన్నది సూడుండ్రి."

సంతకం తనదే. ఎందుకు పెట్టాడో గుర్తు రాలేదు. వారానికో సర్క్యులర్ వదిలే మనిషికి ఏదని గుర్తుంటుంది!

"ఎవడో వెధవ కోసం ఇచ్చి ఉంటా," అని గొణుక్కుంటూ, మొగిలి తీసిన చిన్న గేటులోంచి దూరాడు. షామియానా దారికి మొగిలి అడ్డంగా నిలబడ్డాడు. పట్టుపంచె ఎగ్గట్టాడు. చెప్పులు చేతబట్టుకున్నాడు. దేవుడా అనుకుంటూ పరుగందుకున్నాడు.

స్టేజీ వెనక ఫ్లెక్సీలో రెండు ఫొటోలున్నాయి. ఓ మూల చిన్నగా, మెడలో విజిల్‌తో హన్నా మేడమ్. మధ్యలో నిలువెత్తున, చేతులు జోడించి సుందరరావు. ఫ్లెక్సీలో సుందరరావు నవ్వుతున్నాడు. కింద సుందరరావు నాలుక బయటపెట్టి రొప్పుతున్నాడు.

మొదటి రౌండు సగంలో ఉండగా షామియానా కింద తలలు తిరిగాయి.

"అయ్యో, కరస్పాండెంట్ సార్! మేడమ్ కోసం ఉరుకుతున్నడు!" అని ఎవరో అరిచారు.

అంతే. పూర్వ విద్యార్థులు ఒక్కొక్కరే లేచారు. హబ్సిగూడ నుంచి వచ్చిన బ్యాంకు మేనేజరు ఏంజెల్ కుచ్చెళ్ళు దోపుకుని ఆయన వెనకాల పడింది. బట్టతలలు, బొజ్జలు, మోకాళ్ళ నొప్పులు అన్నీ లేచి కదిలాయి. రెండో రౌండుకి ఆయన వెనక నూట యాభై మంది. కొందరు ఏడుస్తూనే పరిగెత్తుతున్నారు. ఆగుదామంటే వెనకవాళ్ళు తొక్కేస్తారని ఆయనకు భయం. సుందరరావు పుట్టి బుద్ధెరిగాక అంత చిత్తశుద్ధితో ఏ పనీ చెయ్యలేదు.

స్టేజీ మెట్ల దగ్గరికొచ్చి కూలబడ్డాడు. శ్రీలలిత కళ్ళు తుడుచుకుని మైకు అందుకుంది.

"చాలా నివాళులు చూశానండీ నేను. అందరూ నోటితో ఇస్తారు. ఈయన కాళ్ళతో ఇచ్చారు! ఇంతటి మనిషి ఈ గ్రౌండులో ఎవరినైనా ఇటుక పెట్టనిస్తారా? ఇది ఎప్పటికీ ఆటస్థలంగానే ఉండాలని ఇప్పుడే తీర్మానం చేద్దాం. ఏమంటారు?"

చేతులన్నీ లేచాయి. సుందరరావు నోరు తెరిచాడు. మాటకి బదులు దగ్గొచ్చింది. ఆ దగ్గు తగ్గేలోపు తీర్మానం మినిట్స్ పుస్తకంలోకి ఎక్కిపోయింది. ఐదు కూడా కాలేదు.

ఆయన చెప్పులు వేసుకుంటుంటే మొగిలి లేటు రిజిస్టరు పట్టుకొచ్చాడు. "దస్కత్ జెయ్యాలె సార్."

"చేస్తాలే!" సుందరరావు పళ్ళు నూరాడు. "జూలైలో మినహాయింపు అడిగిన ఆ దరిద్రుడెవడో ముందు చెప్పు. వాడి మూలంగానే కదా ఇవాళ నా కొంప మునిగింది!"

"వాళ్లు అడగలే సార్. వద్దంటున్నా ఇనకుంట నేనే మీకు చీటీ పంపిన. మీరు పేరు గూడ సూడకుండ సర్క్యులర్ పంపిన్రు."

మొగిలి పేజీలు వెనక్కి తిప్పి, ఒక వరస మీద వేలు పెట్టాడు.

'హన్నా, ప్రిన్సిపాల్. ఆలస్యం: నాలుగు నిమిషాలు. కారణం: ఆసుపత్రిలో కీమో. రౌండ్లు: రెండు, పూర్తి.'