మితభాషి

మా ఆవిడ మితభాషి. అందుకే గుండెదడ ఆవిడదైనా, ఆస్పత్రిలో మాట్లాడాల్సింది నేనే.

ఆడవాళ్ల విభాగంలో ఇప్పుడు ముగ్గురు డాక్టర్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని చూస్తున్నారు. గుండెకొకరు, ఎముకలకొకరు, గర్భసంచికొకరు. ముగ్గురికీ నేనొక్కణ్ణే చకచకా జవాబులిస్తున్నాను. ఆకలి బ్రహ్మాండం. నడుంనొప్పి వయసన్నాక మామూలే.

"నిద్ర ఎలా పడుతోంది?" అన్నారు గుండె డాక్టరమ్మ.

"ఆ ఇబ్బందే లేదండీ! నేను పడుకునేసరికి వంటింట్లో ఉంటుంది. రాత్రి నేను దగ్గితే చాలు, నీళ్లు తెచ్చిస్తుంది. పొద్దున నేను లేచేసరికి కాఫీ సిద్ధం."

"మరి ఆవిడ పడుకునేదెప్పుడండీ?"

నేను చేతిలో ఉన్న పాత రిపోర్టులు తిరగేయడం మొదలుపెట్టాను.

"దడ ఎప్పట్నుంచమ్మా?" డాక్టరమ్మ ఈసారి ఆవిణ్ణే అడిగారు. జవాబు కోసం మా ఆవిడ నా మొహంలోకి చూసింది.

"మీరు కాసేపు బయట కూర్చోండి," అన్నారు నాతో.

కూర్చున్నాను. నేను లేకుండా ఆవిడేం చెప్పగలదు, రెండు నిమిషాల్లో నన్నే పిలుస్తారని ధీమా.

తర్వాతి పేషెంటును పంపడానికి నర్సు రెండుసార్లు తలుపు తీసింది. రెండుసార్లూ మెల్లిగా మూసేసింది.

లోపల మా ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది.