మసి రాసిన చొక్కా

ఉతికిన తెల్లచొక్కా మీద ఎల్వీరా బొగ్గు మసి రాసింది. కాలరు దగ్గర కాస్త ఎక్కువగా రాసింది. మగాళ్ళ చొక్కాలు అక్కడే కదా మాసేది.

"నిన్ననేగా ఉతికావు. మళ్ళీ దానికి ఈ అలంకారం ఏమిటి?" అన్నాడు మొగుడు ఫెర్మీన్.

"ఇద్దరి బట్టలు రోజూ ఉతకడానికి చాలొద్దూ? నువ్వు మాట్లాడకుండా తిను."

మేజోళ్ళని పెరట్లో మట్టిలో పొర్లించి, అన్నిటినీ బుట్టలో వేసుకుంది. బయల్దేరే ముందు గది మూలకి తిరిగి సిలువ గుర్తు వేసుకుంది. అక్కడ పూల గుడ్డ కప్పిన పీఠం, దాని మీద మరియమ్మ బొమ్మ, రెండు కొవ్వొత్తులు. ఇంటికి వచ్చినవాళ్ళు దణ్ణం పెట్టుకునే పోతారు. ఆ పీఠం వాషింగ్ మెషిన్ అని మొగుడూ పెళ్ళాలకి తప్ప ఎవరికీ తెలీదు.

ఎల్వీరాకి భుజం నొప్పి. ఆమె అవస్థ చూడలేక, పోయిన వానాకాలంలో ఫెర్మీన్ మెషిన్ కొన్నాడు. లారీ డ్యూటీ దిగి తెల్లవారుజామున తెచ్చాడు కాబట్టి ఎవరి కంటా పడలేదు. కొన్నాళ్ళు ఆమె ఇంట్లోనే ఉతుక్కుంది. అప్పుడే అదే వీధిలో ఉండే నికొలాసా తల్లి పోయింది. వీధి వీధంతా శవం దగ్గర రాత్రి జాగారం చేసింది. ఎల్వీరాకి కబురు తెలిసేసరికి మట్టి చేసేశారు. వీధి ఆడవాళ్ళంతా బట్టలు ఉతికే తొట్టి దగ్గర చెప్పుకునే కబురు, తొట్టికి రాని మనిషికి ఎలా తెలుస్తుంది? మర్నాడే మెషిన్ మీద గుడ్డ కప్పి, బుట్ట నెత్తిన పెట్టుకుంది.

వీధి తొట్టి దగ్గర అప్పటికే అందరూ ఉన్నారు. ఎల్వీరాని చూడగానే, ఎండ పడే బండ మీంచి రమోనా తన బట్టలు పక్కకి లాగేసింది.

"ఇటు రావే. ఇక్కడ వెచ్చగా ఉంటుంది, నీ భుజానికి మంచిది."

"ముందొచ్చింది నువ్వు కదా."

"నాకేం, దున్నపోతు ఒళ్ళు. రా."

నికొలాసా ఒక సబ్బు ఉండ తెచ్చి చేతిలో పెట్టింది. "ఉంచుకో వదినా. మా ఆయన ఎక్కువ తెచ్చాడు." ఎల్వీరా దుప్పటి పిండబోతే రెండో కొస తనే పట్టుకుంది.

ఎల్వీరాకి ప్రాణం చివుక్కుమంది. ఈ మనిషి తల్లి చావుకే తను వెళ్ళలేదు. ఇంత మంచివాళ్ళని రోజూ మోసం చేస్తోంది. చెప్పేద్దామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే ఇక్కడ తనకి బండ ఉండదు.

"ఈ చొక్కా ఏమిటే, మీ ఆయన లారీ నడుపుతున్నాడా, బొగ్గులు మోస్తున్నాడా?" అంది రమోనా. అందరూ నవ్వారు. ఎల్వీరా తల ఎత్తకుండా సబ్బు రుద్దింది.

అప్పుడొచ్చాడు మున్సిపాలిటీ ఆయన.

"ఊళ్ళో అందరూ మెషిన్లు కొనుక్కుంటుంటే ఇంకా ఈ తొట్టి ఎందుకమ్మా? తీసేసి కార్లు పెట్టుకునే జాగా చేద్దామంటున్నారు."

"మా వీధిలో ఎవరికీ మెషిన్ లేదు సార్," అంది రమోనా.

"అయితే రేపు పొద్దున్న ఇల్లిల్లూ చూస్తాను. ఒక్క ఇంట్లో కనబడినా మీ మాట అబద్ధమే. తొట్టి మూసేస్తాం."

అందరూ గబగబా బట్టల మీదకి వంగారు. నికొలాసా మాత్రం ఎల్వీరా భుజం మీద చెయ్యి వేసింది.

"ముందు ఈమె ఇల్లు చూడండి సార్. ఈ నొప్పితోనే రోజూ వస్తుంది. తొట్టి మూసేస్తే ఈమె ఏమైపోవాలి?"

"అవును, ఎల్వీరా ఇల్లు చూడండి," అన్నారందరూ.

ఎల్వీరాకి తల కొట్టేసినట్టయింది. అందరి తొట్టీ తన మూలాన పోతుంది. ఇక ఈ వీధిలో తల ఎత్తుకుని నడవగలదా?

ఆమెకి దొమితీలా గుర్తొచ్చింది. తొట్టి గట్టున మొక్కజొన్న జావ అమ్మే ముసలావిడ. ఆమె ఇల్లు లోయ అవతల, వేరే వార్డు. మున్సిపాలిటీ ఆయన అటు వెళ్ళడు. ఆమె మొక్కజొన్న నిలవ చేసే గది ఖాళీగా కూడా ఉంది.

సాయంత్రం పొగమంచు దిగగానే మెషిన్‌ని దుప్పట్లో చుట్టి తోపుడు బండి మీదకి ఎక్కించారు. ఫెర్మీన్ తోస్తుంటే ఎల్వీరా పట్టుకుని నడిచింది. వంతెన దగ్గర నికొలాసా మొగుడు ఖాళీ బండితో ఎదురయ్యాడు.

"కట్టెలు దింపి వస్తున్నా," అన్నాడు, అడక్కుండానే.

"మేము పిండి మరకి," అన్నాడు ఫెర్మీన్. ఎవరి దారిన వాళ్ళు గబగబా పోయారు.

గుమ్మంలో దొమితీలాని చూడగానే ఎల్వీరాకి ఏడుపు ఆగలేదు.

"అబద్ధమాడాను పిన్నీ. ఇన్నాళ్ళూ అందరి దగ్గరా. నాకు మెషిన్ ఉంది. రేపటి వరకు నీ గదిలో దాచు. వాళ్ళకి మాత్రం చెప్పకు. ఆ తొట్టి లేకపోతే నాకు మనుషులే లేరు."

దొమితీలా గుమ్మం దిగి బండి దగ్గరికి వచ్చింది. దుప్పట్లో ఉన్నదాన్ని చేత్తో తట్టి చూసింది. నిట్టూర్చి, మొక్కజొన్న గది వైపు నడిచి తలుపు తోసింది. తలుపు సగమే తెరుచుకుని దేనికో తగిలి ఆగిపోయింది.

"ఇంక పట్టదమ్మా," అంది దొమితీలా, "నీ కన్నా ముందు మీ వీధి వాళ్ళంతా తెచ్చి పెట్టేశారు, పెట్టిన ప్రతి ఒక్కతీ 'పాపం మెషిన్ లేనిది ఎల్వీరా ఒక్కతే, దానికి మాత్రం చెప్పకు' అని ఏడ్చి మరీ వెళ్ళింది."