పేరు లేని గడి

నిన్ను ‘అన్నా’ అని పిలిచేవాణ్ణి ఎంతవరకు నమ్ముతావు?

మా కాజీపేట గళ్లనుడికట్టు బృందంలో, కట్టినవారి పేరు లేకుండానే గడి పంచుకుంటాం. అందరూ పూరించాకే పేరు బయటపెడతాం.

పొద్దున మా బృందంలోని పండరి ఫోన్ చేశాడు.

“అన్నా, ఈ ఆధారం జర చెప్పు. ఒకే కొమ్మ మీద రెండు పక్షులు, పండు తిననిదేది? నాలుగక్షరాలు.”

“పరమాత్మ. ఉపనిషత్తు ముట్టవైతివి గదరా!”

“నువ్వు దేవునివే అన్నా! జవాబులు పంపితేనే పత్రికోళ్లు నా పేరు మీద అచ్చేస్తరట.”

“నీ పేరు మీదనా? గడి ఎవరిదిరా?”

“ఎవనిదైతేంది? పేరైతే లేదు గద!”

వానాకాలమంతా కూర్చుని నేను కట్టిన గడి అది. వాడికి పూరించడం నేర్పిందీ నేనే.

పండరీ, పరుల సొమ్ము మట్టిగడ్డతో సమానమంటుంది శాస్త్రం. ఈరోజే, పొద్దుగూకక ముందే, బృందం ముందు నిలబడి ఒప్పుకో!